మెడికల్ బోర్డులో ఇంకో కుర్చీ వేయండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా తమ్ముడికి ఇప్పుడు 31 ఏళ్లు. వాడికి డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోము అదనంగా ఉండి, బుద్ధి, మాట నెమ్మదిగా ఎదిగే స్థితి. ఏడేళ్ల క్రితం నేను కడుపుతో ఉన్నప్పుడు కడుపులో బిడ్డకి అలాంటి స్థితి ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే డబుల్ మార్కర్ రక్త పరీక్ష రిపోర్టు చూపించడానికి ఆసుపత్రికి వెళ్తుంటే, ఆ రోజు నాకు తోడు వచ్చింది వాడే. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, అమ్మకి మోకాళ్లు లేవనివ్వడం లేదు. "నేనొస్తా అక్కా" అని చొక్కా మార్చుకుని, నా ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆసుపత్రిలో బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను. తలుపు పూర్తిగా వేసుకోలేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "హై రిస్క్ వచ్చిందమ్మా, 180లో ఒకటి" అన్నారు. తర్వాత తలుపు సందులోంచి మావాడిని చూశారు. గొంతు కాస్త తగ్గించి, "మీకు నేను చెప్పాల్సిన పని లేదు కదా. ఇంట్లో ఒకరితో పడుతున్నారు, చాలదా? ఆలస్యం చేయకుండా తీయించేసుకుంటే మీకే మంచిది" అన్నారు.

ఆ మాట వాడి చెవిన పడిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఫైలు ఒళ్లో పెట్టుకుని, "బేబీకి బాలేదా అక్కా?" అని అడిగాడు. "బానే ఉంది" అన్నాను. ఇంటికి చేరేదాకా వాడు ఇంకేమీ మాట్లాడలేదు. మామూలుగా వాడు ఆటోలో నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు.

మంత్రి గారూ, ఇది ఆ డాక్టరమ్మ మీద ఫిర్యాదు కాదు. ఆమె పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ నేను చెప్పను. ఆమె చెడ్డ మనిషి కాదు, నా మీద జాలితోనే అన్నారు. ఆమె చోట ఇంకెవరున్నా దాదాపు అదే అనేవారు. నేను రాస్తున్నది అందుకే, పిండంలో తీవ్రమైన లోపాలున్నప్పుడు గడువు దాటినా గర్భం తీయించుకోవడానికి అనుమతి ఇచ్చే మెడికల్ బోర్డులో ఇంకో కుర్చీ వేయమని అడగడానికి.

ముందే ఒక విషయం స్పష్టంగా చెప్తాను, లేకపోతే ఈ ఉత్తరాన్ని ఎటువైపు వాళ్లు అటువైపు లాక్కుంటారు. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ గర్భం మోస్తున్న స్త్రీ నిర్ణయం. స్కాన్‌లో తేడా కనిపించాక గర్భం తీయించుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఒక్కరిని కూడా నేను తప్పు పట్టను. వాళ్లకున్న హక్కులో వెంట్రుకవాసి తగ్గించమని కూడా నేను అడగడం లేదు. ఆ నిర్ణయం తీసుకోవడానికి ముందు వాళ్ల చేతికి ఏం అందుతోంది, ఎవరి మాట వినిపిస్తోంది అన్నదే నా ప్రశ్న.

నా విషయమే తీసుకోండి. 180లో ఒకటి అంటే, నాలాంటి రిపోర్టు వచ్చిన 180 మందిలో 179 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదు. అది స్క్రీనింగ్ పరీక్ష. రోగ నిర్ధారణ కాదు. నిర్ధారణ కావాలంటే ఉమ్మనీరు పరీక్ష చేయాలి. ఆ ముక్క నాకు ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. నిర్ధారణ కాకముందే నిర్ణయం చెప్పేశారు.

ఇప్పుడు ఎన్‌ఐపీటీ అని ఇంకా మెరుగైన రక్త పరీక్ష వచ్చింది. 99 శాతం కచ్చితం అని ప్రచారం చేస్తారు. లెక్క వేసి చూడండి. వెయ్యి మందిలో ఒకరికి మాత్రమే వచ్చే సమస్య ఉందనుకుందాం. పరీక్ష ఉన్నవాళ్లందరినీ పట్టుకుంటుంది, లేనివాళ్లలో వెయ్యికి ఒకరిని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది అనుకుందాం. అంత గొప్ప పరీక్షలో కూడా పాజిటివ్ వచ్చిన ఇద్దరిలో ఒకరి బిడ్డకు ఏ సమస్యా ఉండదు. ఎంత అరుదైన సమస్య అయితే తప్పుడు పాజిటివ్‌ల వాటా అంత పెరుగుతుంది. ఈ లెక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరక్క ఎంతమంది ఇళ్లకెళ్లి రాత్రంతా ఏడ్చారో.

రెండో విషయం వంశం. మా తమ్ముడి వల్ల నాకు వచ్చిన రెండు సంబంధాలు తప్పిపోయాయి. "వాళ్లింట్లో అలాంటి పిల్లాడున్నాడట, రేపు ఈ అమ్మాయికీ అలాగే పుడితే?" అన్నారట. నిజానికి డౌన్ సిండ్రోమ్ నూటికి 95 మందిలో వారసత్వంగా వచ్చేది కాదు. కణం విడిపోయేటప్పుడు 21వ నంబరు క్రోమోజోము ఒకటి అదనంగా ఉండిపోతుంది, అంతే. ట్రాన్స్‌లొకేషన్ అనే రకం నూటికి మూడు నాలుగు కేసుల్లో ఉంటుంది, వాటిలోనూ కొన్నే తల్లి నుంచో తండ్రి నుంచో వస్తాయి. మావాడి క్రోమోజోము రిపోర్టు ఒక్కసారి చూస్తే నాకు ప్రమాదం ఉందో లేదో చాలావరకు తేలిపోయేది. ఆ రిపోర్టు మా నాన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి జాగ్రత్త చేశారు. దాన్ని అడిగినవాళ్లు లేరు. మావాడి ముఖం చూసి తేల్చేశారు.

ఉమ్మనీరు పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు చేతికొచ్చేసరికి 19వ వారం. అప్పటికి గర్భం తీయించుకోవడానికి చట్టం 20 వారాల దగ్గర గీత గీసింది. అంటే ఆలోచించుకోవడానికి మాకు మిగిలింది ఒక్క వారం. రిపోర్టులో ఏ తేడా లేదని వచ్చింది కాబట్టి ఆ వారం నాకు అవసరం పడలేదు. మా పాపకి ఇప్పుడు ఆరేళ్లు.

కానీ మంత్రి గారూ, ఎదురుచూసిన ఆ రోజుల్లో నేను ఏం నిర్ణయించుకున్నానో చెప్పమంటే చెప్పలేను. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. వాడితో కలిసి పెరిగిన దాన్ని. వాడికి అన్నం కలిపి పెట్టిన దాన్ని. వాడు 17వ ఏట బస్సు బోర్డు కూడబలుక్కుని చదివిన రోజు నేను పక్కనే ఉన్నాను. అయినా రాత్రిళ్లు నాకు చెమటలు పట్టేవి. నేను భయపడింది వాడిలాంటి బిడ్డకా? కాదు. అమ్మ పడ్డ పాట్లకి భయపడ్డాను.

మూడు బడులు వాడిని చేర్చుకోం పొమ్మన్నాయి. నాలుగో బడిలో చేర్చుకుని చివరి బెంచీలో కూర్చోబెట్టి, ఏడాది చివర "ఇంక తీసుకెళ్లండి" అన్నారు. అమ్మ టీచరు ఉద్యోగం మానేసింది. పెళ్లిళ్లకు వెళ్తే వాడిని పక్కింట్లో దింపి రమ్మని సొంత మనుషులే చెప్పారు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో వాడి 'శాతం' తేల్చడానికి ఎండలో నిలబెట్టారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇవేవీ ఆ అదనపు క్రోమోజోము చేసిన పనులు కావు. మనుషులు చేసినవి, కొన్ని ప్రభుత్వం చేసినవి.

మా నాన్న దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ముదురు నీలం అట్ట, పాత రెవెన్యూ ఆఫీసు రకం. దాంట్లో మావాడి గురించి అన్నీ రాసేవారు. థైరాయిడ్ మాత్ర ఎన్ని మైక్రోగ్రాములు, పరగడుపున ఎన్నింటికి వేయాలి. గుండెకి చిన్నప్పుడు చేసిన ఆపరేషన్ కాగితాలు ఎక్కడున్నాయి. "చీకటంటే భయం, బాత్రూమ్ లైటు రాత్రంతా ఉంచాలి." "గట్టిగా అరిస్తే మాట ఆగిపోతుంది, రెండు నిమిషాలు వదిలేస్తే తనే వచ్చి చెప్తాడు." "ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వెళ్లిపోతాడు, జాగ్రత్త." చివరి పేజీలో 'మా తర్వాత' అని హెడ్డింగ్ పెట్టి, దాని కింద పెన్సిల్‌తో నా పేరు రాశారు. ఆ పేజీ మీద తేదీ ఉంది. ఆ తేదీకి నాకు 12 ఏళ్లు.

స్కాన్‌లో తేడా ఉందని విన్న ప్రతి తల్లీ తండ్రీ మనసులో మొదట మెదిలే మాట అదే. "మా తర్వాత వీడి గతేంటి?" గుండెలో రంధ్రం గురించి, నడక గురించి, చదువు గురించి డాక్టర్లు ఏదో ఒకటి చెప్తారు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది డాక్టర్లు కాదు, ప్రభుత్వం. ఆ జవాబు లేకుండా వాళ్లని 'మీ ఇష్టం' అంటున్నాం. పరీక్ష ప్రభుత్వం ఇస్తోంది, గడువు ప్రభుత్వం పెడుతోంది, బోర్డు ప్రభుత్వం వేస్తోంది. బిడ్డ పుట్టాక మాత్రం అది పూర్తిగా తల్లిదండ్రుల సొంత వ్యవహారం అయిపోతోంది.

సౌకర్యాలుంటే అందరూ గర్భం ఉంచుకుంటారని నేననడం లేదు. డెన్మార్క్‌లో వికలాంగులకు మంచి ఏర్పాట్లే ఉన్నాయి. 2004 నుంచి అక్కడ గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయించుకునే వీలు ఇచ్చారు. ఆ తర్వాత డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లలు బాగా తగ్గిపోయారు. ఐస్‌లాండ్‌లో నిర్ధారణ అయినవాళ్లలో దాదాపు అందరూ గర్భం తీయించుకుంటున్నారు. కాబట్టి డబ్బు, సదుపాయాలే మొత్తం కథ కాదు. ఆ గదిలో వాడే మాటల్లో కూడా ఏదో ఉంది.

పుట్టిన కొన్ని వారాలకే చూపు పోయిన అడ్రియన్ ఆష్ అనే అమెరికన్ నీతిశాస్త్ర పండితురాలు ఈ సంగతి మీద ఎన్నో ఏళ్లు రాశారు. ఆమె అబార్షన్ హక్కును గట్టిగా సమర్థించిన మనిషి. అయినా ఆమెకు ఒక బాధ ఉండేది. ఆమె వాదన నా మాటల్లో చెప్పాలంటే, పరీక్ష ఆ బిడ్డ గురించి ఒకే ఒక్క సంగతి చెప్తుంది, ఆ ఒక్క సంగతి మిగతా మనిషినంతా మింగేస్తుంది. మా డాక్టరమ్మ తలుపు సందులోంచి చూసింది అదే. మావాడికి ఇంట్లో అందరి పుట్టినరోజులూ గుర్తు. సీరియల్ మధ్యలో కరెంటు పోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. అబద్ధం ఆడతాడు, వెంటనే దొరికిపోతాడు. మా పాప వాడి మీద పెత్తనం చేస్తే నాకు కంప్లైంట్ చేస్తాడు. వాడు దేవుడి బిడ్డ కాదు, పాపఫలమూ కాదు. వాడిని 'దివ్య' అనాల్సిన పని లేదు, బడిలో చేర్చుకుంటే చాలేది.

మన భాషలోనే ఎంత తీర్పు ఉందో చూడండి. పైపెదవి చీలిపోయి పుడితే దాన్ని గ్రహణం మొర్రి అంటాం. గ్రహణం రోజు ఆ తల్లి ఏదో చేయకూడని పని చేసిందని ఆ పేరులోనే నింద ఉంది. గ్రహణానికీ దానికీ సంబంధం లేదని ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు, అయినా పేరు పోలేదు. పెదవికి పుట్టిన కొన్ని నెలల్లోనే ఆపరేషన్ చేసి సరిచేస్తారు. వంకర పాదాలతో పుట్టిన పిల్లలకు పొన్సెటి పద్ధతిలో వారం వారం పిండికట్లు మార్చుతూ పాదాలు నిలబెడతారు, చాలామందికి ఐదారు కట్లు సరిపోతాయి. కానీ కడుపులో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో అవి కనిపించిన రోజు ఆ ఇంట్లోవాళ్లకి ఈ మాట చెప్పేదెవరు? స్కాన్ సెంటర్లో రిపోర్టు చేతికిచ్చి "మీ డాక్టరుకి చూపించండి" అంటారు. డాక్టరు దగ్గర 60 మంది వెయిటింగ్.

పాత రోజుల్లో కర్మ అనేవాళ్లు. ఆ మాట నాకు ఇష్టం లేదు, కానీ దానిలో ఒక ఊరట ఉండేది, ఎవరి చేతుల్లోనూ లేదని. ఇప్పుడు స్కాన్ వచ్చాక కర్మ పోయి తప్పు వచ్చింది. "ముందే తెలిసిపోతుందిగా, ఎందుకు కన్నారు?" అని అడుగుతున్నారు. నాకు తెలిసిన ఒకమ్మాయి అన్నీ తెలిసే, బాగా ఆలోచించుకునే, బిడ్డను కంది. చుట్టాలే కాదు, చంటిబిడ్డను చూపించడానికి వెళ్తే నర్సు కూడా అదే ప్రశ్న వేసింది. కంటే ఒక తప్పు, కనకపోతే లోపల జీవితాంతం ఇంకో బాధ. ఆడదాన్ని ఇలా మధ్యలో నిలబెట్టి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం అన్యాయం.

ఇప్పుడు చట్టం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీరు చేయగలిగింది అక్కడే ఉంది.

2021లో మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ (గర్భం తీయించుకోవడానికి సంబంధించిన) చట్టాన్ని సవరించారు. కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెరిగింది. పిండంలో తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు చెప్తే ఆ పైన గడువే లేదు. ఇది అవసరమైన మార్పే. 2008లో బొంబాయి హైకోర్టు 26 వారాల గర్భంతో వచ్చిన ఒక జంటకు అనుమతి ఇవ్వలేదు. అప్పటి నుంచీ దేశంలో ఎంతోమంది అదే బాధతో కోర్టుల చుట్టూ తిరిగారు. మెదడు, పుర్రె ఏర్పడని అనెన్‌సెఫలీ లాంటి స్థితిలో బిడ్డ బతకదని తెలిసి కూడా నెలలు నిండేదాకా మోయమనడం క్రూరత్వం. అలాంటి తల్లులకు ఈ సవరణ తెరిపినిచ్చింది.

కానీ బతకని స్థితినీ, బతికి బడికెళ్లే స్థితినీ నిబంధనలు పక్కపక్కనే ఒకే వాక్యంలో కూర్చోబెట్టాయి. 2021 నిబంధనల్లో ఇప్పటికీ 'తీవ్రంగా హ్యాండీక్యాప్డ్' అన్న మాటే ఉంది. అంతకు ఐదేళ్ల ముందే, 2016లో, ఇదే దేశం వికలాంగుల హక్కుల చట్టం తెచ్చి, 21 రకాల వైకల్యాలను గుర్తించి, సమానత్వం, గౌరవం అని రాసుకుంది. ఒక చట్టంలో మావాడు హక్కులున్న పౌరుడు. ఇంకో చట్టంలో వాడిలాంటి వాళ్లు పుట్టకుండా ఆపడానికి ఒక కారణం. రెండు చట్టాలూ ఒకదాన్నొకటి చూసుకున్నట్టు లేదు.

బోర్డులో ఎవరుండాలో చట్టం చెప్పింది. ఒక గైనకాలజిస్టు, ఒక పిల్లల డాక్టరు, ఒక రేడియాలజిస్టు లేదా సోనాలజిస్టు. వాళ్లతో పాటు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసే ఇతర సభ్యులు. దయచేసి ఈ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది మీ చేతిలో ఉన్న అధికారం. కేంద్రాన్ని అడగక్కర్లేదు, అసెంబ్లీలో బిల్లు పెట్టక్కర్లేదు.

బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. అనుమతి ఇస్తే, అర్జీ అందిన ఐదు రోజుల్లోగా ప్రక్రియ పూర్తవాలి, తగిన కౌన్సెలింగ్‌తో. 'తగిన కౌన్సెలింగ్' అని నిబంధనల్లో ఉంది. ఎవరు చేయాలి, ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అని వివరం లేదు. ఉన్న ముగ్గురూ డాక్టర్లే. వాళ్లు గుండె ఎలా ఉందో చెప్పగలరు, వెన్నెముక ఎలా ఉందో చెప్పగలరు. ఆ బిడ్డ పదేళ్ల వయసులో ఎలా ఉంటాడు, ముప్ఫై ఏళ్లకి ఎలా ఉంటాడు అన్నది వాళ్లు రోజూ చూసే విషయం కాదు. వాళ్లు చూసేది జబ్బు చేసి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్నే. మావాడు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఏ డాక్టరూ వాడిని చూడలేదు, చూసే అవసరం లేదు కాబట్టి.

అందుకే వాళ్ల దగ్గరున్న సమాచారం కొన్నిసార్లు చాలా పాతది. మావాడు పుట్టినప్పుడు "పాతికేళ్లు బతికితే గొప్ప" అన్నారట నాన్నతో. అమెరికాలో 1983 నాటికి డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుర్దాయం నిజంగానే 25 ఏళ్లు. ఇప్పుడది సుమారు 60. గుండె ఆపరేషన్లు వచ్చాయి, వాళ్లని సంస్థల్లో పడేయడం తగ్గింది. మన దగ్గర ఇప్పటికీ ఆ 25 అంకే చెప్తున్న వాళ్లున్నారు.

2011లో బ్రయన్ స్కాట్కో అనే అమెరికన్ డాక్టరు, ఆయన బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న 284 మందిని నేరుగా వాళ్లనే అడిగారు. దాదాపు 99 శాతం మంది తమ జీవితం తమకు సంతోషంగానే ఉందన్నారు. వాళ్లంతా సహాయ సంఘాలతో పరిచయమున్న కుటుంబాల వాళ్లు, కాబట్టి ఆ అంకెని అలాగే మన దేశానికి అతికించలేం. కానీ వాళ్లని అడగవచ్చు, వాళ్లు జవాబు చెప్పగలరు అన్నది అయితే తేలింది. ఆ డాక్టరుకి కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్న చెల్లెలు ఉంది. నాకు ఆశ్చర్యం కలగలేదు.

అమెరికాలో 2008లో ఒక చట్టం చేశారు. గర్భంలోనో పుట్టాకనో ఇలాంటి స్థితి బయటపడితే, ఆ కుటుంబానికి తాజా సమాచారం, అలాంటి కుటుంబాలతో పరిచయం అందేలా చూడాలని. అబార్షన్ హక్కును సమర్థించే సెనేటరూ వ్యతిరేకించే సెనేటరూ కలిసి దాన్ని తెచ్చారు. అంటే ఈ ఒక్క విషయంలో ఎవరి నమ్మకాలు వాళ్లు ఉంచుకుని కూడా ఒప్పుకోవచ్చు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నివారణ వేరు, ఏరివేత వేరు. గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే వెన్నెముక లోపాలు చాలా వరకు రావు. గర్భం రాకముందే రుబెల్లా టీకా వేస్తే కడుపులో బిడ్డకి చూపు, వినికిడి పోయే ముప్పు తప్పుతుంది. పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ చూస్తే ఒక బిడ్డ బుద్ధి మందగించకుండా కాపాడుకుంటాం. ఇవన్నీ ఆ బిడ్డ కోసమే చేసేవి. వీటికి మీరు ఎంత ఖర్చు పెట్టినా నేను చప్పట్లు కొడతాను. మీ శాఖ ప్రకటనల్లో మాత్రం ఇవీ, గర్భం తీయించుకోవడమూ 'వైకల్య నివారణ' అన్న ఒకే మాట కింద కలిసిపోతాయి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి) మిషన్ లక్ష్యం 2047 నాటికి నిర్మూలన. రక్త పరీక్షలు కావాలి, మందులు కావాలి, కాదనను. కానీ అదే సికిల్ సెల్ 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. 'నిర్మూలన' అన్న పోస్టరు అంటించిన ఆసుపత్రి వరండాలో, నొప్పులతో మెలికలు తిరుగుతూ మంచం కోసం ఎదురుచూసే కుర్రాడు ఆ మాటని ఎలా చదువుకుంటాడో ఒకసారి ఆలోచించండి. జబ్బుని అన్నారని వాడికి విడమర్చి చెప్పేవాళ్లు కావాలి.

ప్రతి స్కానింగ్ సెంటర్లో ఒక బోర్డు ఉంటుంది, లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవని. ఆ బోర్డు వెనక ఒక చట్టమే కాదు, ఆడపిల్ల భారం కాదని ముప్ఫై ఏళ్లుగా ప్రభుత్వం చెప్తున్న మాట కూడా ఉంది. వైకల్యాన్ని ఆడపిల్ల పుట్టడంతో పోల్చలేమని నాకు తెలుసు. ఇందులో ఆపరేషన్లు ఉంటాయి, నిజమైన నొప్పి ఉంటుంది, తల్లి వీపు విరిగే చాకిరీ ఉంటుంది. నిషేధం అడగడం లేదు. కానీ ఆ గోడ మీదే ఇంకో కాగితానికి చోటు ఉంది. "మీ స్కాన్‌లో తేడా కనిపించిందా? నిర్ణయానికి ముందు మాట్లాడాలనుకుంటే ఈ నంబరు" అని.

ఈ తీర్పులన్నీ చివరికి ఎవరి మీద పడతాయో కూడా మనకు తెలుసు. 1994లో పుణె దగ్గర ప్రభుత్వ హోంలో ఉన్న, బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలకు గర్భసంచులు తీసేశారు, నెలసరి శుభ్రత నేర్పడం కష్టమని. 2009లో చండీగఢ్‌లో అలాంటి హోంలోనే ఉన్న ఒక యువతి, అత్యాచారం వల్ల వచ్చినా సరే, తన గర్భం తనకు కావాలంటే, తీయించాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఆపింది. బిడ్డను కనాలా వద్దా అన్నది ఆమె వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం అంది. సమ్మతి లేకుండా గర్భం తీయించడం లాంటి పనులకు 2016 చట్టం శిక్ష కూడా పెట్టింది. మావాడి స్పెషల్ స్కూల్లో ఒకమ్మాయి 15 ఏళ్లకి నెల రోజులు కనిపించలేదు. తిరిగొచ్చాక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నడిచేది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

నేను కోరేది ఇది. బోర్డుల నోటిఫికేషన్‌కి ఒక సవరణ జీవో ఇవ్వండి. నాలుగో కుర్చీలో వైకల్యంతో జీవిస్తున్న ఒకరిని గానీ, అలాంటి బిడ్డను పెంచిన తల్లినో తండ్రినో గానీ కూర్చోబెట్టండి. వాళ్లకు ఓటు వద్దు, ఆపే అధికారం వద్దు, ఆ మూడు రోజుల్లో ఒక్క గంట కూడా ఆలస్యం చేసే వీలు వద్దు. ఆ తల్లి కావాలంటే మాట్లాడతారు, వద్దంటే బయట కూర్చుంటారు. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం చేసిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే లోకల్ లెవెల్ కమిటీలో వైకల్యం ఉన్న వ్యక్తికి సీటు ఉండి తీరాలి. సంరక్షకుణ్ణి నియమించడానికి వాళ్ల మాట కావాలి. పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అక్కర్లేదా?

రెండోది, ఎక్కువగా కనిపించే స్థితుల మీద ఒక్కో పేజీ తెలుగులో రాయించండి. దాంట్లో కష్టాలు దాచొద్దు. ఏం చేయొచ్చో, ఏం చేయలేమో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం ఎక్కడుందో, నిరామయ ఆరోగ్య బీమా ఎలా తీసుకోవాలో, సదరం ఎప్పుడో రాయండి. ఆ పేజీ రాసే బల్ల దగ్గర డాక్టర్లతో పాటు మమ్మల్ని కూడా కూర్చోనివ్వండి.

మూడోదే అన్నిటికన్నా కష్టమైంది, మీ శాఖ ఒక్కటే చేయగలిగేది కూడా కాదు. తల్లిదండ్రులు పోయాక వీళ్లుండే చోటు. నేషనల్ ట్రస్ట్‌లో ఘరోందా అని ఒక పథకం పేరు ఉంది. మా జిల్లాలో అలాంటి ఇల్లు ఎక్కడుందని నేను కలెక్టరేట్‌లో అడిగితే ముగ్గురు మూడు గదులు చూపించారు, నాలుగో గదికి తాళం వేసి ఉంది. ప్రతి జిల్లాలో ఒక్కటైనా, పదిమంది ఉండే ఇల్లు. ఆసుపత్రిలా కాదు, జైలులా కాదు. బాత్రూమ్ లైటు రాత్రంతా వెలిగే ఇల్లు.

నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా బీరువాలో ఉంది. థైరాయిడ్ మాత్ర డోసు మారినప్పుడల్లా నేను దిద్దుతుంటాను. చివరి పేజీలో 'మా తర్వాత' అన్న చోట పెన్సిల్‌తో ఉన్న నా పేరుని పెన్నుతో దిద్దాను. దాని కింద 'నా తర్వాత' అని రాసి వదిలేశాను. మా పాపకి ఆరేళ్లు. దాని పేరు అక్కడ పెన్సిల్‌తో కూడా రాయను.

ఇట్లు,
డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక తమ్ముడికి అక్క